పంపు పెద్దది చేయకండి, ముందు ఆ ఇసుకను ఆపండి

ప్రశ్న: సార్, సివిల్‌లో డిప్లొమా చేసి నాలుగేళ్ళుగా సైట్ ఇంజనీర్‌గా పనిచేస్తున్నాను. పెదవాల్తేరులో, బీచ్ రోడ్డుకు నడిచిపోయేంత దూరంలో అపార్ట్‌మెంట్ సెల్లార్ తవ్వుతున్నాం. గొయ్యి 20 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల పొడవు, నాలుగున్నర మీటర్ల లోతు. చుట్టూ 9 మీటర్ల షీట్ పైల్స్ (గోడలా వరసగా నేలలోకి దించే ఇనుప రేకులు) దించాం. ఉత్తరం మూలలో ఏడు షీట్లకు మాత్రం రాయి తగిలి 6 మీటర్ల దగ్గరే ఆగిపోయాయి. మిగిలిన ముక్క పైన కోసేశారు. ఒకటిన్నర మీటరు లోతులోనే నీళ్ళు పడ్డాయి. నీళ్ళన్నీ ఆ మూలకే వస్తున్నాయని అక్కడే ఇంకో మీటరు లోతు సంప్ (నీళ్ళు చేరే గుంట) తవ్వి పంపు పెట్టాం. మొన్న అమావాస్య నుంచి సంప్ అడుగున నీళ్ళు ఉడుకుతున్నట్టు పొంగుతున్నాయి, సన్న ఇసుక వస్తోంది. పక్కింటి ప్రహరీకి పగులు వచ్చింది. ఆ ఇంటి మామ్మగారు నూతిలో నీళ్ళు అడుగంటాయని, ఉన్న కాసినీ ఉప్పగా ఉన్నాయని రోజూ గేటు దగ్గరకు వచ్చి చెబుతున్నారు. పెద్ద పంపు తెస్తే సరిపోతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. వెంటనే అడుగున పీసీసీ (కమ్ములు లేని కాంక్రీటు) వేసేయమని ఓనర్ గారు అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
— పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: బాబూ, మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ‘సన్న ఇసుక వస్తోంది’ అన్నది. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఇది చదివిన వెంటనే గోతిలోంచి మనుషులను పైకి రప్పించి, ఆ మూల పంపు ఆపించండి. సంప్ నిండనివ్వండి. గోతి అడుగున రెండడుగుల నీళ్ళు నిలిచినా నిలవనివ్వండి. నీళ్ళు తోడమని జీతమిచ్చి పెట్టుకున్న ఇంజనీరే నీళ్ళు నిండనివ్వమంటే ఓనర్ గారికి కోపం వస్తుంది. కానీ ఇప్పుడు ఆ మూలను పట్టి ఉంచగలిగేది ఆ నీళ్ళ బరువొక్కటే. ఆ వైపు అంచున ఎక్స్‌కవేటర్‌ను గానీ టిప్పర్‌ను గానీ నిలబెట్టనివ్వకండి.

ఎందుకో చెబుతాను. ఉత్తరాంధ్రలో గెడ్డల పక్కన పెరిగినవాళ్ళకు చెలమ తవ్వడం తెలిసే ఉంటుంది. ఇసుకలో గుంట చేసి కొబ్బరిచిప్పతో నెమ్మదిగా తోడుకుంటే తేటనీళ్ళు ఊరుతూనే ఉంటాయి. దాహం ఆగక గబగబా తోడామా, అడుగున ఇసుక లేచి కదులుతుంది, అంచులు జారి గుంటలో పడతాయి. ఇసుకరేణువు నిలబడేది దాని బరువు వల్ల. కింది నుంచి వచ్చే నీళ్ళు ఆ బరువును మించి ఎత్తితే ఇసుక నేలలా ఉండదు, జావ అయిపోతుంది. మీ సంప్‌లో ఇప్పుడు జరుగుతున్నది అదే.

మీరిచ్చిన కొలతలతోనే లెక్క చూద్దాం. బయట నీటిమట్టం ఒకటిన్నర మీటరు దగ్గర, గోతి అడుగు నాలుగున్నర దగ్గర. తేడా 3 మీటర్లు. 9 మీటర్ల షీట్ ఉన్నచోట నీళ్ళు బయటి వైపు ఏడున్నర మీటర్లు దిగి, షీట్ కొన చుట్టి, లోపల నాలుగున్నర మీటర్లు ఎక్కి రావాలి. మొత్తం 12 మీటర్ల దారిలో 3 మీటర్ల ఒత్తిడి ఖర్చవుతుంది, అంటే మీటరుకు పావు మీటరు. దీన్నే వాలు అంటాం. ఇది నెమ్మదైన ఊట, భయం లేదు. 6 మీటర్ల దగ్గర ఆగిన షీట్ల చోట దారి 6 మీటర్లకు తగ్గింది, వాలు మీటరుకు అరమీటరు అయింది. అప్పటికీ ఎలాగో నెట్టుకురావచ్చు. కానీ మీరు సరిగ్గా ఆ షీట్ల కాళ్ళ దగ్గరే ఇంకో మీటరు తవ్వి సంప్ పెట్టారు. ఇప్పుడు షీట్ కొన సంప్ అడుగుకు అరమీటరు కిందే ఉంది. తేడా 4 మీటర్లు, దారి 5 మీటర్లు. వాలు 0.8. ఇసుక లేచిపోయే వాలు సుమారు ఒకటి, వదులు ఇసుకకు ఇంకాస్త తక్కువే. పైగా అది మూల, రెండు గోడల కింది నుంచీ నీళ్ళు అక్కడికే చేరతాయి. అమావాస్య పోటుకు బయట మట్టం కాస్త పెరిగిందేమో, ఆ మిగిలిన కొంచెం కూడా తీరిపోయింది. ఇది చేతి లెక్కే, డిజైన్ కాదు. కానీ ఏ మూల ఎందుకు పొంగిందో చెప్పడానికి సరిపోతుంది.

కాబట్టి పెద్ద పంపు తెస్తే ఏమవుతుంది? సంప్‌లో మట్టం ఇంకా దిగుతుంది, వాలు ఇంకా పెరుగుతుంది, ఇసుక ఇంకా వస్తుంది. ఆ ఇసుక మీ గోతిదనుకోకండి, మామ్మగారి ప్రహరీ కిందది. గంటకు పది వేల లీటర్లు తోడుతున్నారనుకోండి. లీటరుకు ఒక్క గ్రాము ఇసుక వచ్చినా రోజుకు 240 కిలోలు. వారం తిరిగేసరికి ఒక ఘనమీటరు నేల పక్కింటి కింది నుంచి మీ పంపు గొట్టంలో వెళ్ళిపోయినట్టు. పైన నేల మామూలుగానే కనిపిస్తుంది, లోపల గుల్ల.

ఈ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, భీమిలి రోడ్డు పక్కన ఇసుకనేలలో ఒక పంప్‌హౌస్ గొయ్యి. సాయంత్రం అడుగున రూపాయి బిళ్ళంత చోట నీళ్ళు బుడబుడమన్నాయి, చుట్టూ చిన్న ఇసుక పుట్ట కట్టింది. నేను రెండో పంపు పెట్టించి ఇంటికి వెళ్ళిపోయాను. తెల్లవారేసరికి షీట్లు జానెడు లోపలికి వంగి ఉన్నాయి. వెనక ఉన్న పశువుల పాకలో నేల కుంగి గేదె మోకాళ్ళ వరకూ దిగబడింది. ఆ పాకాయన నన్ను ఒక్క మాట అనలేదు, గేదె మెడ పట్టుకుని నిమురుతూ కూర్చున్నాడు. ఆ రాత్రి గోతిలో మనుషులు లేకపోవడం నా అదృష్టం. అప్పటి నుంచి ఏ గోతి దగ్గరకు వెళ్ళినా ఎన్ని నీళ్ళు వస్తున్నాయని ముందుగా అడగను. ఏ రంగులో వస్తున్నాయి అని అడుగుతాను.

మీరు కూడా అదే చూడండి. ఖాళీ హార్లిక్స్ సీసాలు నాలుగు సంపాదించండి. తిరిగి పంపు నడిపిన ప్రతిసారీ, మొదట్లో రెండు గంటలకోసారి, గొట్టం చివర సీసా పట్టి మూత బిగించి, తేదీ, టైము రాసి సైట్ ఆఫీసు కిటికీలో వరసగా పెట్టండి. పది నిమిషాలు కదపకుండా ఉంచి వెలుగుకు ఎత్తి చూడండి. పంపు వేసిన కొత్తలో కాస్త మడ్డి రావడం మామూలే, కాసేపటికి తేటపడాలి. గంటలు గడిచినా సీసా అడుగున ఇసుక గీత కనిపిస్తోందంటే, ఆ గీత సీసా సీసాకూ మందమవుతోందంటే, ఎంత నష్టమైనా పంపు ఆపాల్సిందే. నీళ్ళు ఎన్ని వచ్చినా ఫరవాలేదు, తేటగా ఉన్నంతవరకూ. ఓనర్ గారికి లెక్కలు చెప్పి ఒప్పించలేకపోవచ్చు, ఈ సీసాలు చూపిస్తే ఒప్పుకుంటారు.

ఇక పొంగుతున్న చోటుకు మందు. నీళ్ళు నిలిచాక, పైనుంచి తట్టలను తాళ్ళతో దించుతూ ముందు ముతక ఇసుక, దాని మీద 10 ఎంఎం చిప్స్, ఆ పైన 20 నుంచి 40 ఎంఎం కంకర, ఒక్కొక్కటీ జానెడు మందాన పరవండి. పొంగుతున్న చోటు కంటే చుట్టూ మీటరు ఎక్కువ కప్పాలి. సన్నది కింద, లావుది పైన. ఈ వరస తప్పితే లాభం లేదు, ఎందుకంటే దీని పని ఇసుకను ఆపి నీళ్ళను వదలడం. మట్టి నింపిన ప్లాస్టిక్ సిమెంటు బస్తాలు వేయించకండి, తార్పాలిన్ పరవకండి. అవి నీళ్ళను కూడా ఆపుతాయి, ఆగిన నీళ్ళు పక్కన ఇంకోచోట పొడుచుకొస్తాయి. పీసీసీ సంగతీ అంతే. 4 అంగుళాల పీసీసీ చదరపు మీటరుకు పావు టన్ను కూడా బరువుండదు. కింద అరమీటరు నీటి ఒత్తిడి ఉంటే అది అర టన్నుతో పైకి నెడుతుంది. పచ్చి కాంక్రీటు ఏం ఆపుతుంది? సిమెంటు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది.

ఆ మూల సంప్‌ను శాశ్వతంగా మానేయండి. సంప్ ఎప్పుడూ షీట్ కాళ్ళకు దూరంగా ఉండాలి, పునాది పడే చోటుకు బయట ఉండాలి. చుట్టూ చిల్లుల వర, వర చుట్టూ కంకర లేకుండా వట్టి గుంటలో పంపు దించకూడదు. అసలు మీ చోట సంప్‌తో పని జరగదని నా అభిప్రాయం. సముద్రపు ఇసుకలో, నీటిమట్టానికి 3 మీటర్లు కిందికి తవ్వేటప్పుడు, తవ్విన తర్వాత తోడటం కాదు, తవ్వకముందే మట్టం దించాలి. దానికి వెల్‌పాయింట్లు ఉన్నాయి. రెండంగుళాల లోపు పైపులు, కొనలో జల్లెడ, మీటరు నుంచి మీటరున్నర ఎడంలో వరసగా నేలలోకి దించి, అన్నిటినీ ఒక పెద్ద పైపుకు కలిపి వాక్యూమ్ పంపుతో లాగడం. ఇసుకలో నీటి జెట్‌తో ఒక్కో పైపు నిమిషాల్లో దిగుతుంది. పైపు చుట్టూ ముతక ఇసుక పోయడం మాత్రం మర్చిపోనివ్వకండి, ఇక్కడా ఇసుకను ఆపేది అదే.

ఒక పరిమితి గుర్తుంచుకోండి. పైనుంచి లాగే ఏ పంపూ ఆచరణలో అయిదారు మీటర్లకు మించి నీళ్ళను ఎత్తలేదు. మీకు మట్టం గోతి అడుగుకు కనీసం అరమీటరు కింద, అంటే 5 మీటర్ల దగ్గర ఉండాలి. గోతి నడుమ అంత దిగాలంటే పైపుల దగ్గర ఇంకా కిందికి దిగాలి, కాబట్టి పైపుల వరసను రోడ్డు మట్టంలో పెడితే పట్టు చాలదు. గోతి లోపల రెండు మీటర్ల లోతున మెట్టు వదిలి దాని మీద పెట్టించండి. ఇప్పటికే ఆ మెట్టు కోసేసి ఉంటే సబ్‌మెర్సిబుల్ పంపులతో నాలుగైదు లోతు బావులు వేయడం మేలు. రెండిట్లో ఏది చేసినా గోడల లోపలే చేయండి. బయట తోడితే మీ పని తొందరగానే అవుతుంది, కానీ మట్టం దిగేది మామ్మగారి ఇంటి కింద. మట్టం ఒక మీటరు దిగితే అక్కడి నేల మీద చదరపు మీటరుకు టన్ను బరువు కొత్తగా పెట్టినట్టే లెక్క. ఇసుక దాన్ని కొంతవరకు మోస్తుంది. మన పోర్టు వైపు, జ్ఞానాపురం వైపు ఉన్న మెత్తటి బంకమట్టి మోయదు, ఇళ్ళు కుంగుతాయి.

ఆ ఏడు షీట్ల సంగతి విడిగా తేల్చాలి. తగిలింది కొండ మీది నుంచి దొర్లి వచ్చిన బండా, లేక నేలలో పరుచుకున్న రాయా? మన ఊళ్ళో రెండూ ఉంటాయి. బండ అయితే దాని కింద మళ్ళీ ఇసుకే ఉంటుంది, నీళ్ళు యథేచ్ఛగా వస్తాయి. పరుచుకున్న రాయి అయితే షీట్ కొనకూ రాతికీ మధ్య ఉన్న సందులోంచి వస్తాయి. షీట్ వెనక ఒక బోర్ వేయిస్తే తెలిసిపోతుంది. దాన్ని బట్టి ఆ సందును గ్రౌటింగ్‌తో, అంటే సిమెంటు పాలలాంటివి ఒత్తిడితో ఎక్కించి, మూసే పద్ధతి సాయిల్ ఇంజనీర్ నిర్ణయించాలి. కొట్టేటప్పుడు షీట్లను ఒకదానికొకటి కలిపే గాడులు ఊడి ఉండే ప్రమాదం కూడా రాయి తగిలిన చోటే ఎక్కువ. ఆయన వచ్చి చూసేదాకా ఆ మూల తవ్వకం కదలకూడదు. ఈ మాట నోటితో చెప్పి ఊరుకోకండి. సైట్ రిజిస్టర్‌లో రాసి, తేదీ వేసి, కాంట్రాక్టర్ సంతకం తీసుకోండి. నాలుగేళ్ళ అనుభవం తక్కువేమీ కాదు, ఆపమనే హక్కు మీకుంది.

షీట్ల అతుకుల్లోంచి కారే నీళ్ళను చూసి కంగారు పడకండి. షీట్ పైల్ గోడ నీటి ట్యాంకు కాదు, కాస్త కారుతుంది. తేటగా కారితే కాలువ చేసి మళ్ళించండి. ఎక్కువైతే వెనక వైపు రంపపు పొట్టు పోస్తే నీళ్ళతో పాటు సందులోకి వెళ్ళి చాలావరకు మూస్తుంది.

ఇప్పుడు మామ్మగారి మాట. ఆవిడను గేటు దగ్గర నిలబెట్టి పంపకండి బాబూ, మీ సైట్‌లో ఉన్న అన్ని కొలతల్లోకీ ఆవిడ నుయ్యి నమ్మకమైనది. సముద్రపు ఒడ్డున మంచినీళ్ళు ఉప్పునీళ్ళ మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీళ్ళుంటే, కింద సుమారు 40 మీటర్ల మంచినీటి పొర నిలుస్తుందని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ లెక్క. అది తిరగేస్తే, పైన కొంచెం దించినా కింద ఉప్పునీళ్ళు చాలా పైకి వస్తాయి. ఆవిడ నూతిలో మట్టం దిగడం, రుచి మారడం ఒకేసారి జరిగాయంటే మీ పంపు ఆవిడ నూతిని కూడా తోడుతోందనే అనుమానించాలి. పని అయ్యేవరకూ ఆ ఇంటికి మంచినీళ్ళ ట్యాంకర్ పంపించడం ఓనర్ గారి బాధ్యత, దయ కాదు. ప్రహరీ పగులుకు రెండు వైపులా పెన్సిల్ గుర్తులు పెట్టి రోజూ ఉదయం స్కేలుతో కొలిచి, ఆవిడ ఎదుటే రాయండి. ఇంటి గోడలకు కూడా మూడు నాలుగు చోట్ల మట్టం గుర్తులు పెట్టి లెవెల్ చూడండి. రోజురోజుకూ అంకె పెరుగుతుంటే అది మాటలతో సర్దుకునే విషయం కాదు, ఇల్లు ఖాళీ చేయించి, వాళ్ళకు వేరే చోట వసతి చూపించాలి.

అలాగే గోతి నాలుగు వైపులా బయట చిల్లుల పీవీసీ పైపులు దించి, టేపుతో నీటిమట్టం రోజుకు రెండుసార్లు, పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి కొలవండి. పౌర్ణమికీ అమావాస్యకీ ముందు రోజు నుంచి ఎవరో ఒకరు రాత్రి కూడా సైట్‌లో ఉండాలి.

తోడిన నీళ్ళతో కాంక్రీటు కలపాలని, క్యూరింగ్ చేయాలని కాంట్రాక్టర్‌కు తప్పకుండా అనిపిస్తుంది. ఒప్పుకోకండి. ఇనుము వేసే కాంక్రీటుకు నీళ్ళలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారత ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతోంది. ఉప్పు రుచి తెలుస్తున్న నీళ్ళను ల్యాబ్‌కు పంపకుండా వాడటం అంటే కమ్ములకు ఇప్పుడే తుప్పు పట్టించడం. ఆ నీళ్ళను మూడు అరల తొట్టిలో నిలిపి, మడ్డి దిగాక, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) అనుమతితో వాన కాలువలోకి వదలండి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి వద్దు. మీ సైట్ పక్కన కాలువకు పగుళ్ళుంటే అందులో పోసిన నీళ్ళు మళ్ళీ షీట్ల వెనక్కే దిగుతాయి, తోడిన నీళ్ళనే తోడుతూ కూర్చుంటారు. గొట్టాన్ని గోతికి బాగా దూరంగా తీసుకెళ్ళండి.

వాన గురించి ఒక్క లెక్క చాలు. మీ గొయ్యి 600 చదరపు మీటర్లు. 100 మిల్లీమీటర్ల వాన పడితే 60 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. అదీ గోతిలో నేరుగా పడినవే. రోడ్డు మీది వరద ఇందులో కలవకుండా గోతి చుట్టూ అడుగున్నర ఎత్తు గట్టు, గట్టు బయట కాలువ ఈ వారంలోనే కట్టించండి. తవ్విన మట్టి అంచున పోయకండి. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజులకు పని సాగుతుందనిపిస్తే డీజిల్ జనరేటర్, ఒక స్పేర్ పంపు ముందే తెచ్చి ఉంచాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు. వెల్‌పాయింట్లు ఆగిన కొన్ని గంటలకే మట్టం తిరిగి పైకొస్తుంది. అన్నట్టు, తడి గోతిలో కరెంటు పంపులు నడుస్తున్నాయి కదా, ప్రతి పంపుకూ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఎర్త్ లీకేజ్ బ్రేకర్ ఉందో లేదో ఈరోజే చూడండి. కేబుల్‌కు టేపు చుట్టిన అతుకు కనిపిస్తే ఆ కేబుల్ మార్పించేయండి.

చివరికి పంపులు ఎప్పుడు ఆపాలన్నది మీరు అడగలేదు గానీ, పని బాగా జరిగిన చోట కూడా దెబ్బతినేది అక్కడే. రాఫ్ట్ (భవనం మొత్తానికీ కింద పోసే పునాది పలక) పోయగానే ఆపేద్దామంటారు. రాఫ్ట్ అడుగు నాలుగున్నర మీటర్ల దగ్గరుంటే, నీళ్ళు మళ్ళీ ఒకటిన్నరకు వచ్చేసరికి చదరపు మీటరుకు 3 టన్నుల బలం పైకి నెడుతుంది. 450 ఎంఎం రాఫ్ట్ బరువు 1.1 టన్నులే. ఒక్కో అంతస్తుకు సుమారు టన్ను వేసుకున్నా, సెల్లార్ పైకప్పు మీద కనీసం ఇంకో రెండు శ్లాబులు పడేదాకా తోడుతూనే ఉండాలి. వానకు మట్టం ఇంకా పైకొస్తే ఆ లెక్కా చాలదు. ఎన్నో శ్లాబు తర్వాత ఆపవచ్చో స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత రాయించుకోండి. ఆపడం కూడా ఒక్కసారిగా కాదు, ఒక్కో పంపు ఆపుతూ పైపుల్లో మట్టం చూసుకుంటూ.

షీట్లు పీకేటప్పుడు ప్రతి షీట్‌తో పాటు కొంత ఇసుక అంటుకుని వస్తుంది, ఆ సందు వెంటనే ఇసుకతోనో గ్రౌట్‌తోనో నింపాలి. ఉత్తరం మూల ఏడు షీట్లు మాత్రం పీకనివ్వకండి. ఆ వెనక నేల ఒకసారి కదిలింది, షీట్లు పీకే వైబ్రో హ్యామర్ యంత్రం అదురుకు మామ్మగారి ప్రహరీ ఇంకోసారి ఆగకపోవచ్చు. ఏడు షీట్ల ఇనుము ఎంతవుతుందో లెక్కగట్టి, సీసాలు చూపించే రోజే ఓనర్ గారి చేత ఒప్పించుకోండి.